పిట్‌లో నిలబడేది నేనే

కోయంబత్తూరు,
సోమవారం.

ప్రియమైన ఆనందన్నకు,

నీ చెల్లెలు కరుణ చేతులు జోడించి వందనాలు చెప్పి రాసేది. దేవుని కృప వల్ల నేనిక్కడ బాగున్నాను. మీరంతా కూడా బాగుండాలని ప్రతి పూటా ప్రార్థన చేసుకుంటున్నాను. ఎస్తేరు వదిన మోకాలి వాపు తగ్గిందా? నంద్యాల డాక్టరు రాసిచ్చిన మాత్రలు నాలుగు మింగి, నొప్పి కొంచెం తగ్గగానే డబ్బా అటకెక్కించి ఉంటుంది. పూర్తిగా వాడమని నేను చెప్పానని చెప్పు. జ్యోతి బడికి ఏడవకుండా పోతోందా? చేలో శనగ ఎట్లా ఉంది? ఈసారి మంచు బాగా పడుతోందని విన్నాను. మంచు పడితే శనగకు మంచిదే కదా. షెడ్డులో పని చేతినిండా ఉందని, కోతలకు ముందే ట్రాక్టర్లన్నీ నీ దగ్గరికి వచ్చి పడ్డాయని వదిన మెసేజ్ పెట్టింది. వేళకు తిను. నూనె చేతులతోనే తినొద్దు.

ఫోనుండగా ఉత్తరమేందని అనుకుంటావు. వీడియోలో నీ మొహం మాటిమాటికీ నిలిచిపోతుంది. పెదాలు సగంలో ఆగిపోతే నాకు మాట కూడా సగంలోనే ఆగిపోతుంది. మెసేజ్ పెడితే నువ్వు ఒక బొటనవేలు బొమ్మ పంపి పనిలో పడతావు. ఈసారి నేను చెప్పేదంతా నువ్వు కూర్చుని చదవాలి. మధ్యలో అడ్డం రాకుండా చదవాలి. అందుకే కాగితం.

నువ్వు పంపిన ఫోటో చేరింది. నంద్యాల ఆఫీసులో వినపడనివాళ్ల కోటా కింద అటెండరు పోస్టు, వచ్చే వారం సర్టిఫికెట్లు పట్టుకుని రమ్మని ఉంది. దాని కింద నువ్వు పెట్టిన మాట కూడా చేరింది. ‘బొమ్మ కార్లతో ఆడింది చాలు, బేగా బండెక్కు’ అని. దానికి జవాబు చివర రాస్తాను. ముందే రాస్తే మిగతాది చదవవని నాకు తెలుసు.

ఇక్కడ వానలు మనకు అయిపోయాక మొదలవుతాయి. పొద్దున ఎండ చురుక్కుమంటుంది, మధ్యాహ్నానికి మబ్బు పట్టి చల్లగాలి కొడుతుంది. సాయంత్రం స్వెటర్ కావాల్సి వస్తుంది. మన ఆళ్లగడ్డ ఎండలో పెరిగిన ఒళ్లు కదా, మొదటి చలికాలమంతా నాకు జలుబే. తిండి సంగతి అడగొద్దు. హాస్టల్లో పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం సాంబారన్నం, రాత్రి మళ్లీ ఇడ్లీ. అన్నీ మంచివే, ఒక్కదాంట్లో కూడా కారం ఉండదు. జొన్నరొట్టె, పండుమిరపకాయల కారం కలలోకి వస్తున్నాయి. ఆదివారాలు పని లేకపోతే మస్తానన్న ఇంటికి పోతాను. వాళ్లావిడ హసీనక్క బొరుగులతో ఉగ్గాని చేసి, మిరపకాయ బజ్జీలు వేడివేడిగా వేసి పెడుతుంది. ఆ ఒక్కపూట తిన్నదాంతో వారమంతా గడిచిపోతుంది.

మస్తానన్న గురించి నీకు సరిగ్గా చెప్పలేదు. నంద్యాల వాడే. కుందూ ఏటి ఒడ్డున ఇల్లు. ఈ ఊరొచ్చి ఎన్నో ఏళ్లయింది. నేను పంపుల కంపెనీలో అట్టపెట్టెలు కట్టే పనికి వచ్చిన కొత్తలో, ఒక టీ బంకు దగ్గర చక్కెర తక్కువ వేయమని చెప్తున్నాను. నా గొంతు ఎంత పైకి పోతుందో నాకు తెలియదు కదా, గట్టిగా అని ఉంటాను. అందరూ తిరిగి చూశారు. అందులో ఒకాయన మాత్రం నా యాస పట్టుకుని నవ్వుతూ దగ్గరికొచ్చి, ‘ఏ ఊరమ్మా మీది, ఆళ్లగడ్డనా’ అన్నాడు. ఈ ఊర్లో నేను మొదటిసారి ఒక మనిషి పెదాల మీద చదవగలిగిన మాట అది. అప్పటిదాకా అందరి నోళ్లూ తమిళమే. పదో తరగతి జ్వరంలో చెవులు పోయాక కూడా మీ అందరి మాటలూ నేను మొహాలు చూసే పట్టుకున్నాను కదా. ఇక్కడికి వచ్చాక ఆ మొహాలు కూడా లేకుండా పోయాయి. రెండోసారి చెవిటిదాన్ని అయినట్టు ఉండింది. అది నీకు అప్పుడు చెప్పలేదు, చెప్తే ఆ రోజే వచ్చి తీసుకుపోతావని.

మస్తానన్నకు పెద్ద మీసం ఉండేది. పైపెదవి కనపడేది కాదు, సగం మాటలు అందులోనే పోయేవి. నేను రెండుమూడుసార్లు మళ్లీ చెప్పమని అడిగాను. మరుసటి వారం మీసం కత్తిరించుకుని వచ్చాడు. హసీనక్క పెళ్లయిన నాటి నుంచి తను అడిగితే తీయని మీసం నీ కోసం తీశాడని నన్ను ఇప్పటికీ ఆటపట్టిస్తుంది.

ఆయన పనిచేసేది నేనిప్పుడు చేస్తున్న ఈ కార్ల పందేల ట్రాక్‌లోనే. ఒక ఆదివారం చూడ్డానికి రమ్మంటే పోయాను. నువ్వు బొమ్మ కార్లంటావు కాబట్టి ఇది కాస్త నిదానంగా చదువు. మన చర్చి ఆవరణకు రెండింతలు ఉండే మట్టి నేల, మిట్టలు, గుంతలు, మలుపులు. కారు మూరెడు పొడుగు ఉంటుంది. నడిపేవాళ్లు చేలల్లో కట్టే మంచె లాంటి దాని మీద నిలబడి రిమోట్‌తో నడుపుతారు. దాని లోపల ఉండేది బ్యాటరీ కాదన్నా. ఇంజనే. నా గుప్పిట్లో పట్టేంత ఇంజను. పిస్టన్ ఉంది, అది ఆడే లైనరు ఉంది, కార్బురేటరు ఉంది. తాగేది పెట్రోలు కాదు, నైట్రో అనే మందు కలిపిన స్పిరిటు లాంటిది. అందులోనే ఆముదం కూడా కలుపుతారు, అందుకే దాన్ని మేం నూనె అంటాం. పొగ ముక్కుకు తగలగానే ఇంట్లో ఆముదం కాచినట్టు ఉంటుంది. నీ డీజిల్ ఇంజన్ ఒకసారి తిరిగేలోపు ఇది ఎన్నిసార్లు తిరుగుతుందో చెప్తే నువ్వు నమ్మవు. అంత చిన్నది అంత వేగంగా తిరగాలంటే దానికి అందే నూనె, గాలి చాలా లెక్కగా ఉండాలి. కార్బురేటరుకు నీడిల్ అని ఒక మర ఉంటుంది. దాన్ని గోరంత బిగిస్తే నూనె తగ్గుతుంది, గోరంత వదిలితే పెరుగుతుంది. ఆ గోరంతలోనే ఉంది పనంతా. దాన్నే ఇక్కడ ట్యూనింగ్ అంటారు.

మామూలుగా దీన్ని చెవితో పడతారు. నూనె ఎక్కువైతే ఇంజను గొంతు పట్టినట్టు తడబడుతుందట. తక్కువైతే సన్నగా అరుస్తుందట. మస్తానన్న ఈ మాట చెప్పి నా మొహం చూసి ఆగిపోయాడు. నాకు ఆ క్షణంలోనే పట్టుదల వచ్చింది. నువ్వు పక్కన ఉంటే తల కొట్టుకునేవాడివి.

ట్రాక్ నడిపేది రంగస్వామి గారు. వాళ్ల ఇంట్లో తెలుగే, కానీ ఎప్పుడో తాతముత్తాతల కాలంలో ఇక్కడికి వచ్చిన తెలుగు. కొన్ని మాటలు నాకు రెండుసార్లు చూస్తే గానీ అందవు. నేర్చుకుంటానంటే ఆయన నవ్వలేదు. పాత ఇంజన్ ఒకటి ఇచ్చి, పాడైనా పర్వాలేదన్నాడు. నేను దాన్ని పాడే చేశాను. నీడిల్ బిగించుకుంటూ పోయాను, బిగించేకొద్దీ కారు దూసుకుపోతోంది, నేను సంతోషపడిపోతున్నాను. చుట్టూ ఉన్నవాళ్లు చెవుల మీద చేతులు పెట్టుకుని నా వైపు చూస్తున్నారు. నన్ను మెచ్చుకుంటున్నారేమో అనుకున్నాను. ఇంతలో చక్రాలు ఒక్కసారిగా బిగుసుకుపోయి కారు పల్టీలు కొట్టింది. పిస్టన్ లైనరుకు పట్టేసింది. నూనె అందక ఇంజను అరిచి అరిచి చచ్చిపోయింది, అక్కడున్న వాళ్లలో ఆ అరుపు తెలియనిది నాకొక్కదానికే.

ఆ రోజు హాస్టల్‌కు వచ్చి మంచం మీద పడుకుని గోడ చూస్తూ ఉన్నాను. నువ్వు అన్న మాటలే గుర్తొచ్చాయి. ఆ ట్రాక్టరు వెనక్కి వచ్చిన రోజు సంగతి. నేను టైరు దగ్గర వంగి పాన వెతుకుతున్నాను, నువ్వు అరిచావు, నాకు వినపడలేదు. బండి నా చెయ్యి పక్కన ఆగింది. నువ్వు నన్ను లాగి అవతల నిలబెట్టి, ‘ఇంగ ఈ షెడ్డులో నీ కాలు పడగూడదు, ఇనపడనిదానికి ఇంజన్లతో ఏం పని’ అన్నావు. అని నా వేళ్లు ఒక్కొక్కటీ పట్టి చూశావు అన్నా. భయంతో అన్నావని నాకు ఆ రోజే తెలుసు. అయినా భయంతో మూసినా తలుపు తలుపే. అంతకు ముందు పంపింగ్ సెట్లు, ట్రాక్టర్లు విప్పేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ చెప్పింది నువ్వే. ఆ తర్వాత నన్ను టీ తెచ్చేదానికి కూడా లోపలికి రానివ్వలేదు.

మళ్లీ ట్రాక్‌కు పోయాను. ప్రతి ఆదివారం పోయాను. ఈసారి చెవులున్నవాళ్లు చేసినట్టు చేయడం మానేశాను. కారును ఎత్తి పట్టుకుని అడుగున అరచెయ్యి పెట్టి చూశాను. నూనె ఎక్కువైతే చేతిలో ముద్దముద్దగా తగులుతుంది, తక్కువైతే చీమలు పాకినట్టు సన్నగా జివ్వుమంటుంది. యాక్సిలేటరు వదిలాక ఇంజను వెంటనే దిగిందా, ఒక క్షణం పైనే వేలాడి దిగిందా, అది కూడా చేతికి తెలుస్తుంది. వేలాడితే నూనె చాలలేదని గుర్తు. పొగ చూడ్డం నేర్చుకున్నాను. మలుపు దాటి దౌడు తీసేటప్పుడు కారు వెనక పొగ నీలంగా ఒక తాడులా సాగాలి. తాడు తెగిందంటే ప్రమాదం. ఇంజను తల మీద నీటిబొట్టు వేసి అది ఎంతసేపట్లో ఎగిరిపోతుందో చూస్తాను. ప్లగ్గు తీసి లోపలి తీగ ఏ రంగుకు తిరిగిందో చూస్తాను. చాలా నెలలు పట్టింది. ఇంకో ఇంజను పాడు చేశాను. అది కూడా దాచను.

ఆ తర్వాతే పంపుల కంపెనీ మానేసి ఇక్కడ చేరాను. ఆ సంగతి మీద నువ్వు నాతో నెల మాట్లాడలేదు. సరే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. రంగస్వామి గారికి నువ్వు ఫోన్ చేశావు. నాకు తెలిసింది.

మొన్నటి పందేనికి ముందు వారం అది. కార్లు మధ్యలో వచ్చి నూనె పోయించుకుని పోయే చోటును పిట్ అంటారు. ట్యూనింగ్ చేసేవాళ్లు అక్కడే నిలబడాలి. నేను నిలబడే చోటులో వేరే అబ్బాయి నిలబడి ఉన్నాడు. రంగస్వామి గారు నన్ను పిలిచి ఇకనుంచి నూనె డబ్బాలు అమ్మే కౌంటర్ చూసుకోమన్నారు. కారణం అడిగితే పనుందని అవతలికి పోయారు. మస్తానన్నను నిలదీశాను. ఆయన అటూ ఇటూ చూసి చెప్పాడు. ‘మీ అన్న ఫోన్ చేసినాడంట. పాపకు ఇనపడదు, ఆడ ఏమన్నా అయితే మేం ఈడ ఏం జేసేది, మీరే పంపించేయండి అన్నాడంట’ అని.

నాకు అక్కడ ఏడుపు రాలేదు. వదినకు చెప్పు, అక్కడ ఏడవలేదని. తర్వాత హాస్టల్ బాత్రూంలో ఏడ్చాను, అది వేరే సంగతి. చెప్పకుండా చేశావు చూడు, అదే నాకు తగిలింది. నా గురించి నాకు వినపడకుండా మాట్లాడటం లోకమంతా చేస్తుంది. నువ్వు కూడా చేశావు.

నేను కౌంటర్‌కు పోలేదు. పిట్ గోడ పక్కన నిలబడ్డాను. పొద్దుటి నుంచి ఎండ నెత్తి మీదికి వచ్చేదాకా నిలబడ్డాను. మస్తానన్న నీళ్లు తెచ్చిచ్చి పోయాడు. నూనె కొనేవాళ్లు కౌంటర్ దగ్గర నిలబడి నా వైపే చూస్తున్నారు. చివరికి రంగస్వామి గారే వచ్చారు.

‘నాకేమైనా ఆశనా అమ్మా నిన్ను తీసేది’ అన్నారు. ‘మీ అన్న అంత చెప్పినాక, రేపు ఒకటి అయితే నా తల మీద కదా పడేది.’

‘నా సంగతి నన్నడగండి సార్, మా అన్నను కాదు’ అన్నాను. ‘పోయినసారి ఈడ ఇద్దరికి కార్లు తగిలి కాళ్లు వాచినాయి. ఇద్దరికీ చెవులు బాగుండాయి. సప్పుడు వస్తాది లే అని ట్రాక్‌కు ఈపు పెట్టి నిలబడినారు. నేను ఎప్పుడూ ఈపు పెట్టను. పెట్టలేను.’

ఆయన సరే, శనివారం ప్రాక్టీసుకు నిలబడు, ఒక్క తప్పు జరిగితే మళ్లీ మాట్లాడకుండా కౌంటర్‌కు పోవాలన్నారు. నేను ఒప్పుకున్నాను. భయపడొద్దన్నా, నేను గోడకు లోపలి వైపే ఉంటాను. బూట్లు వేసుకుంటాను, కళ్లకు అద్దాలు పెట్టుకుంటాను, జుట్టు ముడి వేసి గుడ్డ కడతాను, చున్నీ వేసుకోను. నీ షెడ్డులో నువ్వు చెప్పుల్తో తిరుగుతావు. ఈ లెక్కన నీ కంటే నేనే భద్రం.

ఈసారి నాకు ఇచ్చిన కారు గౌతం అనే అతనిది. ఇక్కడి బట్టల మిల్లువాళ్ల అబ్బాయి, నా వయసే. అతనికి తెలుగు రాదు. నన్ను పిట్‌లో చూడగానే అతనూ మస్తానన్న ద్వారా అడిగాడు, మంచె మీద నుంచి నేను అరిస్తే ఈమెకు ఎట్లా తెలుస్తుందని. న్యాయమైన ప్రశ్నే. మస్తానన్న మంచె కింద ఎర్రగుడ్డ పట్టుకుని ఉంటాడు, నువ్వు పిలిస్తే ఆయన గుడ్డ ఎత్తుతాడు అన్నాను. నేను పిలవాలంటే పలక ఎత్తుతాను, అప్పుడు నువ్వు కారును లోపలికి తేవాలి అన్నాను. శనివారం నాలుగైదుసార్లు అట్లా చేసి చూశాం. బాగానే కుదిరింది.

ఆదివారం పందెం. పొద్దున ఎండ గట్టిగా ఉంది. ఎండకు తగ్గట్టు నీడిల్ పెట్టి కారు వదిలాను. మొదట్లో ఐదో స్థానం, తర్వాత మూడు, తర్వాత రెండు. నా పక్కన ఉన్నవాళ్లు చప్పట్లు కొడుతున్నారు. సగం దాటాక తూర్పు నుంచి మబ్బు వచ్చింది. నా మెడ మీద గాలి చల్లగా తగిలింది. గాలి చల్లబడితే చిక్కబడుతుందన్నా, ఇంజనుకు గాలి ఎక్కువ పోతుంది, పోసే నూనె చాలదు. నేను పొగ మీదే చూపు పెట్టాను. తాడు సన్నబడింది. ఇంకో చుట్టు తిరిగేసరికి ఇంకా సన్నబడింది. కారు మాత్రం అంతకు ముందు కంటే జోరుగా పోతోంది. నా మొదటి ఇంజను కూడా చచ్చే ముందు అట్లాగే పోయింది.

పలక ఎత్తాను. గౌతం చూశాడు, తల అడ్డంగా ఊపాడు. మస్తానన్న ఎర్రగుడ్డ ఎత్తి, పెదాలతో ‘వద్దంటాండాడు, మంచిగ పోతాంది అంటాండాడు’ అని చెప్పాడు. నేను పలక దించలేదు. రెండు చేతులతో నెత్తి మీదికి ఎత్తి పట్టుకుని నిలబడ్డాను. తర్వాతి చుట్టుకు కూడా అతను రాలేదు. నేను దించలేదు. ఆ తర్వాత చుట్టుకు వచ్చాడు.

కారు ఎత్తి చెయ్యి పెడితే జివ్వుమని సన్నగా పాకుతోంది. నీటిబొట్టు వేయగానే ఎగిరిపోయింది. నీడిల్ వదిలాను, నూనె పోశాను, కిందపెట్టాను. కారు బరువుగా బయల్దేరింది. పొగ తాడు మళ్లీ చిక్కగా సాగింది. ఆగినందుకు, నెమ్మదించినందుకు మూడు కార్లు దాటుకుపోయాయి. అందులో ఒకటి చివర్లో ఆగిపోయింది. మిగతా రెండూ ఆగలేదు. మేం నాలుగో స్థానంలో వచ్చాం. కప్పు మూడు స్థానాల వరకే.

గౌతం మంచె దిగి నా ఎదురుగా నిలబడి మాట్లాడాడు. నాకు తమిళం పెదాలు రావు గానీ కోపం ఏ భాషలోనైనా వస్తుంది. మస్తానన్న అడ్డం రాబోతే, ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నాను.

‘నువ్వు పిలవకపోయుంటే కప్పు వచ్చేదంట’ అన్నాడు మస్తానన్న.

‘పిలవకపోయుంటే ఇంజను పోయేదని చెప్పన్నా.’

‘అది నీకెట్ల తెలుసు అంటాండాడు.’

‘ఆయన దూరంగా మంచె మీదుండాడు. నేను పొగ పక్కన ఉండా. అంతే’ అన్నాను.

అతను కారు చంకన పెట్టుకుని పోయాడు. ఎవరు ఒప్పో ఎవరికీ తెలియదు అన్నా. పిలవకపోయినా ఇంజను నిలబడి ఉండేదేమో. రెండో స్థానంలోనే వచ్చి ఉండేవాళ్లమేమో. నేను మాత్రం నేను చేసిందే ఒప్పంటాను. మళ్లీ ఆ గాలి వస్తే మళ్లీ పలక ఎత్తుతాను.

మూడు రోజులు అతను కనపడలేదు. నాలుగో రోజు కొత్త ఇంజను పెట్టె పట్టుకొచ్చాడు. కొత్త ఇంజనును మొదట్లో నూనె ఎక్కువ పోస్తూ నిదానంగా తిప్పి అలవాటు చేయాలి, నువ్వు రిబోర్ చేసిన ట్రాక్టరుకు చేసినట్టే. ఆ పెట్టెను అతను నా చోటులో నిలబడిన ఆ అబ్బాయి బల్ల మీద పెట్టలేదు. నా బల్ల మీద పెట్టాడు. క్షమించమనలేదు, మెచ్చుకోలేదు. పెట్టి పోయాడు. రంగస్వామి గారు కౌంటర్ మాట మళ్లీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఇప్పుడు కౌంటర్‌లో ఆ అబ్బాయే కూర్చుంటున్నాడు, లెక్కలు నా కంటే బాగా చూస్తాడు, పాపం మంచివాడు.

జరిగింది ఇదీ అన్నా. ఇక నీకు జవాబు.

నేను రాను. వచ్చే వారం నంద్యాలలో సర్టిఫికెట్లు చూపించడానికి రాను. ఆ కాగితం కోసం నువ్వు ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగావో, షెడ్డు మూసి ఎన్ని రోజులు ఎండలో నిలబడ్డావో నాకు తెలుసు. దానికి నీ కాళ్లకు మొక్కుతాను. కానీ అటెండరు చేసే పనేంది? లోపలి నుంచి సారు బెల్లు కొడితే లేచి పోవడం. ఆ బెల్లు నాకు వినపడదు కదన్నా. ఎవరో ఒకరు జాలిపడి నన్ను తట్టి లేపాలి. లేకపోతే ఏ పనీ చెప్పకుండా ఒక మూల కుర్చీ వేసి రిటైరయ్యేదాకా కూర్చోబెడతారు. ఆ పని చేసుకుని బతికేవాళ్లను నేను చిన్నచూపు చూడను. అవసరమున్న ఇంకొకరికి ఆ కుర్చీ పోనీ. నా చెవులు చూసి ఇచ్చే పని నాకొద్దు. నా చేతులు చూసి ఇచ్చింది నా దగ్గర ఉంది.

పెన్షన్ లేదంటావు. లేదు. రేపు ట్రాక్ మూసేస్తే అంటావు. మూసేస్తే ఇంకోటి వెతుక్కుంటాను. పెళ్లి సంగతి అంటావు. చేసుకోనని నేను అనలేదు, ఇంజన్ల వాసనకు ముక్కు మూసుకోనివాణ్ణి చూడు. బొమ్మ కార్లంటావు. అను. నువ్వన్నంత మాత్రాన అవి ఆగవు.

ఇంకొక్క మాట. రంగస్వామి గారికి మళ్లీ ఫోన్ చేయొద్దు. మస్తానన్నకు కూడా చేయొద్దు, ఆయన నీ మీద గౌరవంతో కాదనలేక నలిగిపోతాడు. నా గురించి ఏది తెలుసుకోవాలన్నా నన్నే అడుగు. నేను దాచకుండా చెప్తాను, ఈ ఉత్తరంలో చెప్పినట్టే.

వదినకు చెప్పి జొన్నపిండి, పండుమిరపకాయల కారం పంపించు. మస్తానన్న తమ్ముడు ఈ నెలాఖరుకు నంద్యాల నుంచి వస్తున్నాడు, బస్టాండులో ఇస్తే చాలు. కారం సీసా మూత గట్టిగా బిగించమను, పోయినసారి నా చొక్కాలన్నీ ఎర్రబడ్డాయి. నా పాత స్పానర్ల సెట్టులో అన్నిటికంటే చిన్నవి రెండు ఉంటాయి, షెడ్డు కిటికీలో నీలం డబ్బాలో. అవి కూడా పెట్టు. నువ్వే తీసి పెట్టు. జ్యోతికి ఇక్కడి నుంచి ఒక గౌను పంపుతున్నాను, కొలత చూసుకుని కొన్నాను, పొట్టి అయితే దాని తప్పే, అది అంత తొందరగా పెరుగుతోంది.

పాస్టరయ్యగారికి, పెద్దమ్మకు, చిన్నాయనకు నా వందనాలు చెప్పు. పక్కింటి సుబ్బమ్మవ్వకు ఆరోగ్యం బాగుందా, అడిగానని చెప్పు. నేను బాగున్నాను, వేళకు తింటున్నాను, ఒంటరిగా తిరగడం లేదు, చర్చికి పోతున్నాను. తమిళంలో పాడుతుంటే పెదాలు కదుపుతాను, ఎవరికీ తేడా తెలియదు. మీ ఆశీర్వాదం నా మీద ఉండాలి. కోపంతో అయినా సరే, ఆశీర్వదించు.

క్రిస్మస్‌కు వస్తాను. ట్రాక్‌కు అప్పుడు నాలుగు రోజులు సెలవు. వచ్చిన రోజే నువ్వు నన్ను తిడతావు, నేనూ ఊరుకోను, వదిన మధ్యలో నిలబడుతుంది. తిట్టు అన్నా, ఎంతైనా తిట్టు. కానీ నా ఎదురుగా కూర్చుని తిట్టు. మొహం తిప్పుకుని తిడితే నాకు వినపడదు.

నీ చెల్లెలు,
కరుణ